గ్రూపులో చెప్పుకున్నది రేపటికి మిగలాలంటే: న్యూరోడైవర్సిటీ కైపుస్తకానికి నమోదు ఎలా రాయాలి?

కైపుస్తకం_నిర్వహణ | సోమవారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. న్యూరోడైవర్సిటీ అంటే మెదడు పనిచేసే తీరులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరకపోవడం), డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్నవాళ్లకీ వాళ్ల ఇంట్లోవాళ్లకీ పనికొచ్చే తెలుగు కైపుస్తకం మొదలుపెడుతున్నాం. ఈ చర్చలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఒకరి అనుభవాన్ని ఎలా రాసిపెడితే, వాళ్లెవరో తెలియని ఇంకొకరు రేపు దాన్ని వాడుకోగలరు?

వాట్సాప్ గ్రూపుల్లో మంచి విషయాలు రోజూ వస్తున్నాయి. రెండు రోజులు తిరక్కుండానే గుడ్‌మార్నింగ్ బొమ్మల కింద పడిపోతున్నాయి. ఆర్నెల్లు పోయాక అదే ప్రశ్న ఇంకో తల్లి అడుగుతుంది. మొదటిసారి ఓపిగ్గా జవాబు చెప్పినవాళ్లు అప్పటికి గ్రూపులో ఉండరు. ఉన్నా, "మావాడికి ఇది బాగా పనిచేసింది" అన్న మాటలో వయసు లేదు, సందర్భం లేదు, ఎన్నాళ్లు చేశారో లేదు, ఏం మారిందో లేదు.

నమోదులో ఉండాల్సిన గళ్లు, నాకు తోచినంతవరకు: రాసేది ఎవరు (తనే, తల్లిదండ్రులు, టీచరు, థెరపిస్టు). ఎవరి గురించి (వయసు పరిధి, మాటతో చెబుతారా వేరే విధంగానా). సందర్భం. చేసింది, కొలతలతో సహా. మారింది. మారనిది. ఎవరికి పనికిరాలేదు. జాగ్రత్త. రాసిన తేదీ.

వీటిలో "ఎవరికి పనికిరాలేదు" అన్న గడి ఖాళీగా ఉంటే ఆ నమోదును పుస్తకంలోకి తీసుకోకూడదని నా పట్టుదల. అభ్యంతరాలు ఉంటే చెప్పండి.

---

పాత_ఉత్తరాలు | సోమవారం, ఉదయం 8:15

గళ్ల సంగతికి ముందు ఒక మాట. నలుగురూ ఆన్‌లైన్‌లో చెప్పుకున్న మాటలు ఎప్పటికైనా జ్ఞానం అవుతాయా అని సందేహించేవాళ్లకి "న్యూరోడైవర్సిటీ" అన్న పేరే సమాధానం.

1992లో జిమ్ సింక్లెయిర్, డోనా విలియమ్స్, కేథీ గ్రాంట్ కలిసి ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ పెట్టారు. ఆటిజం ఉన్నవాళ్లే నడుపుకున్న సంస్థ అది. 1994లో దానికి సొంత ఈమెయిల్ జాబితా వచ్చింది. 1996లో నెదర్లాండ్స్ వాసి మార్టైన్ డెక్కర్ "ఇండిపెండెంట్ లివింగ్" అనే ఇంకో జాబితా మొదలుపెట్టాడు. ఆ ఏడాదే అక్కడ టోనీ లాంగ్డన్ అనే సభ్యుడు "న్యూరలాజికల్ డైవర్సిటీ" అన్న మాట వాడాడు. 1998లో హార్వీ బ్లూమ్ ది అట్లాంటిక్‌లో రాసిన వ్యాసం, సిడ్నీలో జూడీ సింగర్ సమర్పించిన పరిశోధన పత్రం ఆ ఆలోచనను బయటి ప్రపంచంలోకి తెచ్చాయి. తర్వాత పాతికేళ్లపాటు ఆ మాట జూడీ సింగర్ ఒక్కరే కనిపెట్టారని చాలా పుస్తకాలు రాశాయి. 2024లో "ఆటిజం" పత్రికలో కొందరు పరిశోధకులు ఉత్తరం రాసి, ఇది ఉమ్మడిగా పుట్టిన ఆలోచన అని సరిదిద్దారు. పాత ఈమెయిళ్లు తేదీలతో సహా భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

అందుకే తేదీ గడిని చివర్లో పెట్టకండి, పైకి తీసుకురండి. మార్పు చేసిన ప్రతిసారీ పాత రూపం కూడా కనిపించాలి.

ఇంకో సంగతి. ఆ జాబితాలు ఎందుకు నడిచాయంటే, జవాబు మూడు రోజుల తర్వాత ఇచ్చినా ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడక్కర్లేదు, గొంతులో విరుపు పట్టుకోనక్కర్లేదు. రాసింది మళ్లీ చదువుకోవచ్చు. మన చర్చల్లో "వెంటనే చెప్పండి" అన్న తొందర వద్దు. కనీసం 7 రోజులు తెరిచి ఉంచి, ఆ తర్వాతే నమోదు ఖాయం చేద్దాం.

---

ఇంటి_ఓటీ | సోమవారం, మధ్యాహ్నం 1:05

ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే చికిత్స, ఓటీ) వైపు నుంచి ఒక చిత్తు నమోదు పెడుతున్నాను. తప్పులు పట్టండి.

కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుని పరుగెత్తడం

రాసేది: థెరపిస్టు. ఎవరి గురించి: 4–9 ఏళ్ల పిల్లలు.

చేసింది: విజిల్ పడకుండా వండటం. వెయిట్ పెట్టకుండా మూత బిగించి, గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాక వెయిట్ పెట్టాలి. వెయిట్ అడుగునుంచి సన్నగా బుస మొదలవగానే మంట పూర్తిగా సిమ్‌లోకి దించాలి. అక్కణ్నుంచి లెక్క: అరగంట నానిన కందిపప్పుకి 10 నిమిషాలు, నానిన బియ్యానికి 5. స్టవ్ కట్టేశాక ఆవిరి తనంతట తను దిగేదాకా వెయిట్ ఎత్తకూడదు. ముందే ఎత్తితే వచ్చే చప్పుడు విజిల్ కంటే ఎక్కువసేపు సాగుతుంది, చెయ్యీ కాలుతుంది.

చేయకూడనిది: విజిల్ మీద తడిగుడ్డ కప్పడం, గరిటెతో నొక్కిపట్టడం. ఆవిరి దారి మూసుకుపోతే ఒత్తిడంతా సేఫ్టీ వాల్వు మీద పడుతుంది. అది తెరుచుకుంటే మరిగే పప్పు ఎగజిమ్ముతుంది. పాత గ్రూపుల్లో ఈ తడిగుడ్డ చిట్కా తిరుగుతోంది, అందుకే ఇంత వివరంగా రాశాను.

మారింది: వంటవేళ పిల్లలు పక్క గదిలో ఉండగలుగుతారు.

---

చప్పుడు_లెక్క | సోమవారం, మధ్యాహ్నం 2:30

ఓటీ గారూ, వండే పద్ధతి బాగుంది. కానీ ఈ నమోదు ఒక విషయం తేల్చకుండానే పరిష్కారంలోకి వెళ్లిపోయింది. బాధ చప్పుడు ఎక్కువవడం వల్లా, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం వల్లా? రెండింటికీ మందు వేరు.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఉంది. మిక్సీ స్విచ్ తనే వేయగలిగే వయసైతే, తన చేతే వేయించండి. అంత మోతనూ నిలబడి భరించాడంటే విజిల్‌లో గుచ్చుకుంటున్నది దాని ఆకస్మికత. అప్పుడు కనిపించే టైమరు, "ఇంకో రెండు వస్తాయి" అన్న ముందుమాట చాలావరకు సరిపోతాయి. తను వేసిన మిక్సీకి కూడా చెవులు మూసుకుంటే ఎత్తు చప్పుడే బాధ. అప్పుడు దూరం, తలుపు, చెవి కప్పులు కావాలి. దూరం విషయంలో ఒక లెక్క: ఆరుబయట దూరం రెట్టింపైతే చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. టైల్స్ వేసిన వంటగది, బోసి గోడల హాలు ఉన్న ఫ్లాట్‌లో అంత తగ్గదు, గోడలు తిప్పికొడతాయి. తలుపు కింద సందు మూసి మందపాటి కర్టెన్ వేస్తే, ఇంకో రెండడుగులు జరగడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

---

వినికిడి_పరీక్ష | సోమవారం, సాయంత్రం 5:10

ఆడియాలజీ (వినికిడి పరీక్షల విభాగం) నుంచి మూడు చేర్పులు.

మొదటిది, ఇలాంటి నమోదులన్నిటికీ పైన "వినికిడి పరీక్ష అయిందా?" అన్న గడి ఉండాలి. చెవిలో నీరు, గుబిలి, కొన్ని రకాల వినికిడి లోపాలు కూడా పెద్ద శబ్దాలకు బాధ కలిగిస్తాయి. వాటిని ఇంద్రియ స్పందన అనుకుని ఏడాది పోగొట్టుకోకూడదు.

రెండోది, చెవి కప్పుల మీద రాసి ఉండే ఎన్‌ఆర్‌ఆర్ అంకె (చప్పుడు ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పేది) ప్రయోగశాలలోది. అమెరికాలో పని ప్రదేశాలకు వాడే లెక్క ప్రకారం అందులోంచి 7 తీసేసి సగం చేస్తారు. 25 అని ఉంటే నిజంగా దొరికేది 9 దగ్గర అనుకోవాలి. కళ్లజోడు కాడ కప్పు కింద సందు చేస్తే అదీ తగ్గుతుంది.

మూడోది, రోజంతా పెట్టి ఉంచడం మంచిది కాదు. నిశ్శబ్దానికి అలవాటుపడ్డ చెవికి మామూలు చప్పుడు కూడా ఎక్కువగా వినిపించడం మొదలవుతుంది. విజిల్, డీజే, టపాకాయలు ఉన్నంతసేపు పెట్టుకుని, అయిపోగానే తీయాలి. వద్దన్నా బలవంతంగా లాగేయకూడదు, తీసే వేళ తనకు ముందే తెలియాలి.

ఫోన్ యాప్‌లో చూసిన డెసిబెల్ అంకెను నమోదులో రాయకండి. ఫోన్‌ని బట్టి మారుతుంది. "పక్క మనిషి మాట వినిపించనంత" అని రాస్తే అందరికీ ఒకేలా అర్థమవుతుంది.

---

డల్లాస్_నుంచి | మంగళవారం, ఉదయం 4:40

ఇక్కడ చాలా ఇళ్లలో ఇన్‌స్టంట్‌పాట్ అనే ఎలక్ట్రిక్ కుక్కర్ వాడతారు. విజిల్ ఉండదు కానీ రెండు చప్పుళ్లుంటాయి: ఆవిరి వదిలేటప్పటి బుస, పని అయిపోయాక బీప్. ఆవిరిని దానంతట దిగనిస్తే, పదినిమిషాల నుంచి ఇరవై దాకా, మొదటిది తప్పుతుంది. బీప్‌ని చాలా మోడళ్లలో సెట్టింగ్‌లో ఆపుకోవచ్చు. "కుక్కర్" అంటే ఏ రకమో నమోదులో ఉండాలి. లేకపోతే ఇక్కడివాళ్లకి సిమ్ లెక్క అర్థం కాదు, అక్కడివాళ్లకి బీప్ అర్థం కాదు.

---

క్రియాపదం | మంగళవారం, ఉదయం 9:20

భాష గురించి రాస్తాను, కాస్త పొడవవుతుంది. ఆటిజం లక్షణాలు అడిగే ఇంగ్లీషు ప్రశ్నల జాబితాలను తెనిగించి పంచుకోవడం మనవాళ్లలో ఎక్కువ, అక్కడే ఎక్కువ దెబ్బ తగులుతోంది.

"నేను అనాల్సిన చోట నువ్వు అంటాడా?" అన్న ప్రశ్న తీసుకోండి. ఇంగ్లీషులో కర్త లేకుండా వాక్యం నడవదు కాబట్టి ఆ తేడా వెంటనే చెవిన పడుతుంది. తెలుగులో మనం నేను, నువ్వు అని అంతగా పలకం. "పాలు తాగుతావా?", "స్నానానికి వస్తావా?" అంటాం. మనిషి క్రియ చివర దాక్కుని ఉంటాడు. కాబట్టి ఆ ప్రశ్న అడిగితే "అబ్బే, లేదండి" అని తల్లి నిజాయితీగానే చెబుతుంది. కానీ ఆ పిల్లవాడు పాలు కావలసినప్పుడల్లా గ్లాసు పట్టుకొచ్చి "పాలు తాగుతావా" అంటుంటాడు. ఆ ప్రశ్న వెతుకుతున్నది దాన్నే. "ఆకలేస్తోందా" అయితే ఇంకా సూక్ష్మం. అందులో నేను, నువ్వు తేడా క్రియలో కూడా లేదు, చివర ఉన్న "ఆ" ఒక్కటే తేడా. పిల్లవాడు పొట్ట పట్టుకుని అమ్మ రాగంలోనే "ఆకలేస్తోందా" అంటే అది ప్రశ్న కాదు, కోరిక.

కైపుస్తకంలో ఆ ప్రశ్న ఇలా ఉండాలి: "మీరు తనని అడిగే మాటనే, అదే రాగంతో, తనకు కావలసింది చెప్పడానికి వాడుతున్నాడా?"

జవాబిచ్చే తీరు కూడా రాయాలి. "పాలు తాగుతాను అను" అని నేర్పితే "పాలు తాగుతాను అను" అనే మొత్తం అప్పజెబుతాడు, "అను"తో సహా. తన వైపు నుంచి ఎలా అనాలో అలాగే, తన రాగంలో, "పాలు తాగుతాను" అని ఒక్కసారి అని పాలు ఇచ్చేయాలి. సరిగ్గా పలికేదాకా గ్లాసు పట్టుకుని కూర్చోకూడదు. "పాలు తాగుతావా" అనేది అర్థం లేని ప్రతిధ్వని కాదు, తనకు దొరికిన పూర్తి వాక్యం. అది కూడా మాటే.

---

తెల్లచొక్కా | మంగళవారం, ఉదయం 11:45

క్రియాపదం గారు చెప్పినదానికి ఇంకా ప్రమాదకరమైన ఉదాహరణ ఎం-చాట్-ఆర్. 16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే 20 ప్రశ్నల ఆటిజం వడపోత అది. 17 ప్రశ్నలకు "కాదు" అంటే ఒక మార్కు. 2, 5, 12 ప్రశ్నలకు మాత్రం "అవును" అంటే మార్కు: చెవుడేమో అనిపించిందా, కళ్ల దగ్గర వేళ్లు వింతగా ఆడిస్తాడా, రోజువారీ చప్పుళ్లకు బాధపడతాడా. గ్రూపుల్లో తిరిగే సొంత అనువాదాల్లో ఈ తేడా ఎగిరిపోతుంది. "అవును ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి" అని కింద రాస్తారు. దాంతో ఏ ఇబ్బందీ లేని పాపకు 17 వస్తాయి, నిజంగా చూపించాల్సిన బాబుకు 4 వస్తాయి.

సరైన లెక్కలో 0–2 తక్కువ, 3–7 మధ్యస్థం, 8 ఆపైన ఎక్కువ. మధ్యస్థం వస్తే అదే ప్రశ్నల మీద రెండో విడత వివరంగా అడగాలి, అది వదిలేస్తే అనవసర భయాలు పెరుగుతాయి. ఇది వడపోతే, రోగనిర్ధారణ కాదు. దానికి కాపీరైటు ఉంది. ఉచితంగా దించుకోవచ్చు కానీ ప్రశ్నలు మార్చడానికీ సొంతంగా అనువదించి పంచడానికీ అనుమతి కావాలి. అందుకని కైపుస్తకంలో ప్రశ్నలు పెట్టొద్దు. అది ఎక్కడ చేయించుకోవాలి, లెక్క ఎలా ఉంటుంది, ఇవి చాలు.

---

బొంత_కుట్టు | మంగళవారం, సాయంత్రం 6:00

బరువు దుప్పట్ల నమోదు గురించి అడుగుతున్నారు. శరీర బరువులో పదో వంతు అన్న సూత్రం అన్ని చోట్లా కనిపిస్తుంది, దానికి గట్టి ఆధారం లేదు. 2014లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో ఆటిజం ఉన్న 67 మంది పిల్లల ఫలితాలు చూశారు. బరువు దుప్పటితో నిద్ర పెరగలేదు. కానీ పిల్లలూ తల్లిదండ్రులూ మామూలు దుప్పటి కంటే దాన్నే ఇష్టపడ్డారు. నమోదులో రెండూ రాయాలి. "నిద్ర పడుతుంది" అని రాస్తే తప్పు, "పనికిరాదు" అని రాసినా తప్పు.

మన ఎండలకు పాలిస్టర్ దుప్పటి కుదరదు. పాత నూలు చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంత, నాలుగు మడతలు వేసి ఒడిలో పెట్టుకుంటే చదువుకునేటప్పుడు, భోజనం దగ్గర సరిపోతుంది. ఉతకొచ్చు, గాలి ఆడుతుంది. పూసలు, ఇసుక నింపి కుట్టేవాళ్లు అరచేయంత గళ్లు చేసి రెండు వరుసల కుట్టు వేయాలి. ఒంటి కుట్టు చిరిగితే పూసలు నోట్లోకి వెళతాయి.

జాగ్రత్త గడిలో పెద్ద అక్షరాలతో ఉండాల్సింది: తనంతట తను తీసేయలేని మనిషి మీద బరువు వేయకూడదు. తలమీద ఎప్పుడూ వేయకూడదు, చుట్టి బిగించకూడదు. 2008లో కెనడాలోని క్విబెక్‌లో బడిలో బరువు దుప్పటిలో చుట్టిన తొమ్మిదేళ్ల ఆటిజం బాబు చనిపోయాడు.

---

కైపుస్తకం_నిర్వహణ | మంగళవారం, రాత్రి 8:30

బొంత గారి పోస్టు చూశాక నమోదుకి గుర్తులు పెట్టాలనిపిస్తోంది: "ఒకరి అనుభవం", "పలువురి అనుభవం", "పరిశోధన సమర్థించింది", "పరిశోధనలో తేలలేదు", "హాని". బరువు దుప్పటి నిద్రకు "పరిశోధనలో తేలలేదు", ఇష్టానికి "పరిశోధన సమర్థించింది". ఒకే నమోదులో రెండు గుర్తులు ఉండొచ్చు.

---

తెల్లచొక్కా | మంగళవారం, రాత్రి 9:15

"హాని" గుర్తు ఉన్నవాటిని తొలగించకండి. తొలగిస్తే ఇంకో గ్రూపు నుంచి కొత్తగా మళ్లీ వస్తాయి. పేరు, ఎందుకు హాని, ఎవరు ఎప్పుడు హెచ్చరించారు అని రాసి ఉంచితే, వెతికేవాళ్లకు ముందు అదే కనబడుతుంది.

మొదట మూడు చేర్చండి. ఎంఎంఎస్ పేరుతో అమ్మే క్లోరిన్ డయాక్సైడ్ ద్రావణం: అది బ్లీచ్, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో ఒకసారి, 2019లో మళ్లీ హెచ్చరించింది. ఆటిజంకి చెలేషన్ (ఒంట్లోంచి లోహాలను తీసే మందు) ఇంజెక్షన్లు: 2005లో పెన్సిల్వేనియాలో ఐదేళ్ల బాబు ప్రాణం పోయింది. రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగింది. స్టెమ్‌సెల్: ఆటిజం చికిత్సగా దాన్ని సిఫారసు చేయడం లేదని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. లక్షలు అడిగేది దీనికే కాబట్టి ఈ నమోదును అన్నిటికంటే పైన పెట్టండి.

మందుల డోసులు ఎవరూ రాయొద్దు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు. "మా దగ్గర మిగిలింది, పంపనా" అన్న సహాయం కూడా నేరం కిందికి వస్తుంది. కైపుస్తకం నియమాల్లో మొదటి వాక్యం ఇదే కావాలి.

---

నిదానం | బుధవారం, ఉదయం 7:30

వీడియోల గురించి కూడా నియమం కావాలి. 2022లో కెనడా మనోవైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో టిక్‌టాక్‌లో ఎక్కువమంది చూసిన 100 ఏడీహెచ్‌డీ వీడియోలు పరిశీలిస్తే 52 శాతం తప్పుదోవ పట్టించేవిగా తేలాయి. టిక్‌టాక్ మన దగ్గర 2020 నుంచి లేదు, అదే సరుకు రీల్స్‌లో తెలుగు గొంతుతో వస్తోంది. వాటిలో తరచుగా కనిపించే దోషం పచ్చి అబద్ధం కాదు. "తాళాలు మర్చిపోతున్నారా? ఏడీహెచ్‌డీ" లాంటి అతి సాధారణీకరణ. అందరికీ అప్పుడప్పుడూ జరిగేదానికీ, చిన్నప్పటి నుంచీ ఇంట్లోనూ బయటా బతుకును అడ్డుకునేదానికీ తేడా చెప్పని ఏ వీడియోనీ నమోదుకి ఆధారంగా తీసుకోవద్దు.

అలాగని ఆన్‌లైన్ మాటను కొట్టిపారేయకూడదు. "ఆటిస్టిక్ బర్నౌట్" అన్న మాట సముదాయాల్లో చాలా ఏళ్లుగా ఉంది, వైద్య గ్రంథాల్లో లేదు. 2020లో డోరా రేమేకర్ బృందం దాన్ని నిర్వచించినప్పుడు ఇంటర్వ్యూలతో పాటు బహిరంగంగా ఇంటర్నెట్‌లో ఉన్న 19 రచనలను కూడా విశ్లేషించింది. దీర్ఘకాలపు అలసట, సాధారణంగా మూడు నెలలు దాటి. వచ్చిన పనులు రాకుండా పోవడం. చప్పుడు, వెలుతురు లాంటివి తట్టుకునే శక్తి తగ్గడం. తారీఖుతో, వివరంగా రాసిన బ్లాగులు ఉండబట్టే పరిశోధకులకు వాడుకునే వీలు కలిగింది.

---

పాత_ఉత్తరాలు | బుధవారం, ఉదయం 10:00

నిదానం గారి మాటకి కొనసాగింపు. మనకు నచ్చిన పరిశోధనను కూడా మళ్లీ చూసే గడి కావాలి.

2020లో ఎడిన్‌బరోలో ఒక ప్రయోగం జరిగింది. పిల్లలు చెవిలో మాట చెప్పుకుంటూ పోయే ఆటలాగా, 8 మంది చొప్పున వరుసలు. మొదటి మనిషికి కథ చెబుతారు, అతను రెండో మనిషికి, అలా చివరిదాకా. అందరూ ఆటిజం ఉన్న వరుసలోనూ, అందరూ లేని వరుసలోనూ వివరాలు సమానంగా నిలిచాయి. కలగలిసిన వరుసలో ఎక్కువ జారిపోయాయి. 2012లో డేమియన్ మిల్టన్ చెప్పిన "డబుల్ ఎంపతీ" ఆలోచనకు (ఆటిజం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య అపార్థం రెండు వైపులదీ అన్నది) ఇది గొప్ప ఆధారమని అందరూ పంచుకున్నారు. 2025లో 311 మందితో మళ్లీ చేస్తే మూడు రకాల వరుసల మధ్యా తేడా రాలేదు.

ఆటిజం ఉన్నవాళ్లు మాట సరిగ్గా చేరవేయలేరన్న పాత నమ్మకాన్ని రెండు ప్రయోగాలూ కొట్టేశాయి. కలిసినప్పుడే చెడుతుందన్న భాగం మాత్రం నిలబడలేదు. మన నమోదు 2020 దగ్గరే ఆగిపోతే మనమూ పుకారు మోసినవాళ్లమే అవుతాం. "మళ్లీ చూడాల్సిన తేదీ" అని ఇంకో గడి పెట్టండి. పరిశోధనకు 2 ఏళ్లు, ప్రభుత్వ విధానాలకు 6 నెలలు.

---

సదరం_సాయం | బుధవారం, మధ్యాహ్నం 12:20

ప్రభుత్వ విధానాలకు 6 నెలలు సరిగ్గా చెప్పారు. పాత పోస్టుల్లో సదరం క్యాంపు స్లాటు గురించి ఉన్నది యూడీఐడీ (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) దరఖాస్తుకి యథాతథంగా పనికిరాదు. వైకల్య నిర్ధారణ మార్గదర్శకాలు 2018లో వచ్చాయి, 2024 మార్చిలో మారాయి. అంతకుముందు రాసిన ప్రతి నమోదూ తిరగరాయాలి.

మారకుండా ఉన్నవి క్లుప్తంగా: 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన లోపం (డిస్లెక్సియా లాంటివి) ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. "ఏడీహెచ్‌డీకి కార్డు ఇప్పిస్తాం" అనే ఏజెంట్లకు డబ్బు ఇవ్వకండి. చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలన్నది గీత. ఆటిజంకి వాడే ఐఎస్‌ఏఏ కొలమానంలో 40 అంశాలు, ఒక్కోటి 1 నుంచి 5. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం కాదని, 70–106 స్వల్పం, 107–153 మధ్యస్థం, ఆపైన తీవ్రం అని లెక్క. దాన్ని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే తయారుచేసింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు ఎన్‌ఐఈపీఐడీ, పాత పేరు ఎన్‌ఐఎంహెచ్. పాత పేరుతో వెతికితే పాత ఫారాలే దొరుకుతాయి, చూసుకోండి.

---

వికీ_వాడుకరి | బుధవారం, సాయంత్రం 4:10

ఇదంతా తెలుగు వికీపీడియాలో పెట్టొచ్చు కదా అని ఇద్దరు అడిగారు. కుక్కర్ నమోదు పెట్టలేం. అక్కడ సొంత పరిశోధనకు చోటు లేదు, వైద్య విషయాలకు సమీక్షా వ్యాసాలు, మార్గదర్శకాల స్థాయి ఆధారం కావాలి. కైపుస్తకంలో "పరిశోధన సమర్థించింది" గుర్తు పడ్డవే అక్కడికి వెళ్లగలవు. పాఠ్యాన్ని రెండు వైపులా వాడుకోవాలంటే కైపుస్తకానికి కూడా వికీపీడియా వాడే సీసీ బై-ఎస్ఏ 4.0 లైసెన్సు (పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకోవచ్చు) ఇప్పుడే ప్రకటించండి. రాసినవాళ్లు వెళ్లిపోయాక అనుమతి అడగడం కష్టం.

పదాల విషయంలో ఒక విన్నపం. ఆటిజంని "బుద్ధిమాంద్యం" అని రాస్తున్నవి ఇంకా ఉన్నాయి. రెండూ వేరు. కలిసి ఉండొచ్చు, ఒకటి కాదు. మెల్ట్‌డౌన్‌కి (తట్టుకోలేనంత ఒత్తిడితో అదుపు తప్పిపోవడానికి) "మొండితనం" కూడా వద్దు. మొండితనం కోరింది ఇస్తే ఆగుతుంది, మెల్ట్‌డౌన్ ఆగదు. ధ్యాస తప్పడానికి "పరాకు" లాంటి పాత మాట మాత్రం వాడుకోవచ్చు. అందులో తిట్టు లేదు, పల్లెలో పెద్దవాళ్లకి కూడా అర్థమవుతుంది.

---

అక్షరశాల | బుధవారం, సాయంత్రం 7:00

చదవలేని పేజీలో ఎంత మంచి నమోదు ఉన్నా లాభం లేదు. డిస్లెక్సియా ఉన్న తెలుగు పాఠకులకు ద–ధ, డ–ఢ, వ–ప, మ–య, మ–వు జతలు తికమక పెడతాయి. ధ, ఢలకు ఉన్న చిన్న గీత 12 పాయింట్ల అక్షరంలో ఫోన్ మీద కనపడనే కనపడదు. 16 కంటే తగ్గొద్దు. వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా వరుసల ఎడం అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్లు. రెండు వైపులా సరిచేసిన పేరా వద్దు, ఎడమకే ఉంచండి. రెండు వైపులా సరిచేస్తే మాటల మధ్య తెల్లటి ఖాళీల కాలువలు పడతాయి. బొమ్మగా మార్చిన పాఠ్యం అస్సలు వద్దు, చాలాసార్లు ఫోన్ దాన్ని సరిగ్గా చదివి వినిపించలేదు.

వాయిస్ మెసేజ్‌లో చెప్పడం తేలిక అనేవాళ్లను ఆపొద్దు. 2 నిమిషాల లోపు చెప్పమనండి, ఇంకొకరు అక్షరాల్లోకి ఎత్తండి, చెప్పినవాళ్లు సరిచూశాకే పెట్టండి.

---

నిదానం | బుధవారం, రాత్రి 9:40

పిల్లల విషయం రాసేటప్పుడు: ముఖం వద్దు, బడి పేరు వద్దు, యూడీఐడీ కార్డు ఫోటో వద్దు. వయసు పరిధి, జిల్లా, అరుదైన మరో జబ్బు, మూడూ కలిపి రాస్తే ఊళ్లో ఎవరో తెలిసిపోతుంది. ఏ రెండో ఉంచండి. పెద్దయ్యాక ఆ పిల్లలే వచ్చి "నా నమోదు తీసేయండి" అంటే కారణం అడగకుండా తీసే ఏర్పాటు మొదటి రోజే ఉండాలి.

---

ఇంటి_ఓటీ | గురువారం, ఉదయం 6:30

అందరి సవరణలతో తిరగరాశాను. పాత రూపం పైన అలాగే ఉంచాను. 7 రోజుల గడువు ఇవాళ్టి నుంచి.

నమోదు 1, రెండో రూపం: కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుని పరుగెత్తడం

తేదీ: ఈ పోస్టు తేదీ. మళ్లీ చూడాల్సింది: 2 ఏళ్లకు.
రాసేది: థెరపిస్టు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల మాట ఇంకా చేరలేదు, కావాలి.
గుర్తు: పలువురి అనుభవం.
వినికిడి పరీక్ష: ముందు చేయించాలి.
ఎవరి గురించి: 4–9 ఏళ్లు, మాట ఉన్నా లేకున్నా.
కుక్కర్: గ్యాస్ మీద, వెయిట్ ఉన్నది. ఎలక్ట్రిక్ కుక్కర్‌కి విడి నమోదు.

ముందు తేల్చుకోవాల్సింది: మిక్సీ స్విచ్ తన చేత వేయించి చూడాలి, జార్ ఖాళీగా, మూత పెట్టి, పక్కన పెద్దవాళ్లు ఉండి. భరిస్తే "అ", భరించకపోతే "ఆ".

అ: ఎన్ని విజిళ్లు వస్తాయో అన్ని గింజలు గిన్నెలో వేసి ఇవ్వాలి. ఒక్కో విజిల్‌కి ఒక గింజ తీసేయాలి. గింజలు అయిపోయాక ఇంకో విజిల్ రాకుండా స్టవ్ కట్టేయాలి. ఒక్కసారి లెక్క తప్పితే మర్నాడు గిన్నెను నమ్మడు.

ఆ: బుస మొదలవగానే సిమ్, మొదటి రూపంలో రాసినట్టే. తలుపు కింద సందు మూయాలి. చెవి కప్పులు వంట జరిగినంతసేపే.

మారనిది: పక్క ఫ్లాట్ విజిల్, పెళ్లి డీజే. వీటికి ఇది చాలదు.

ఎవరికి పనికిరాలేదు: ఉమ్మడి వంటగదిలో ఇద్దరు ముగ్గురు వండే ఇళ్లలో మంట ఎప్పుడు దించాలో ఒకరు చూసుకునే వీలుండదు. ఒకే గది ఇంట్లో "ఆ" కుదరదు. మూడేళ్ల లోపు వాళ్లకు గింజలు ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకుంటారు.

జాగ్రత్త: విజిల్ మీద గుడ్డ, గరిటె వద్దు.

చప్పుడు_లెక్క గారూ, ఒకే గది ఇంటికి ఏం రాయాలో మీరే చెప్పాలి. ఆ వివరం ఇంకా రాయలేదు.